కింది లాకు ముందు

నాన్నా, నువ్వు పోయి ఇవాల్టికి ఏడాది. బెజవాడ కాలేజీలో ప్రాజెక్టుగా చిన్న పజిల్ గేమ్ చేద్దామనుకుంటున్నాను. వానొచ్చినప్పుడు కాలువ పొర్లకుండా లాకుల తలుపులు వరసగా ఎత్తాలి. లస్కరుగా నువ్వు చేసిన పనే. "కింది లాకు ఎత్తకుండా పైది ముట్టుకోకూడదమ్మా" అనేవాడివి. ఆటకి అదే రూలు. తప్పితే మొదట మునిగేది మన వీధే.

నీ ఏడాదికని ఇంటికొచ్చాను, కోడ్ ఇంకా మొదలుపెట్టలేదు. కాగితం మీద కాలువా వీధీ గీసి, చింతగింజలే నీళ్లనుకుని జరుపుతున్నాను. పొద్దున్నుంచీ వాన తెరిపివ్వలేదు. ఇందాక అమ్మ గట్టు మీంచి తడిసి వచ్చింది.

"కొత్త లస్కరు పై లాకు ఎత్తేశాడే."

"మరి కిందిది?" అన్నాను.

"దించే ఉంది."

అమ్మ బియ్యం బస్తాను మంచం మీదికి ఎక్కించింది. నేను పై లాకు దగ్గరి గింజలన్నిటినీ కిందికి తోశాను. మన వీధికి గీసిన గడిలో అవి పట్టలేదు.