అమ్మ ఏదని అడిగారు

అమ్మాయికి మీ అమ్మ రాసేది.

నీ నడుంనొప్పి తగ్గిందా? అల్లుడుగారి దగ్గు ఎలా ఉంది? చంటాడికి పళ్ళొస్తున్నాయన్నావు, విరోచనాలేం పట్టుకోలేదు కదా? నా కాళ్ళవాపు మామూలే.

మాటలు రాని పిల్లల బడిలో నీ పెద్దదానికి పరీక్ష పెట్టారు. బొమ్మలు పరిచి చెంచా ఏది, పిట్ట ఏది అంటే టక్కున వేలు పెట్టింది. అమ్మ ఏది అంటే బొమ్మల వంక చూడకుండా నా గడ్డం పట్టుకుంది. "అమ్మమ్మని చూపిస్తే ఎలాగండీ?" అని పంతులమ్మ తప్పు వేసింది. ఆ తర్వాత ఇది ఇక దేనికీ వేలు పెట్టలేదు. ఇంత పెద్దపిల్లని మూడేళ్ళ వాళ్ళతో కూర్చోబెడతారేమోనని నాకు గుండె పీచుపీచుమంటోంది.

బతిమాలితే గురువారం మళ్ళీ చూస్తామన్నారు, ఈసారి తల్లే పక్కన ఉండాలట. నువ్వు బుధవారానికే రా తల్లీ. దానికి నీ మొహం కాస్త అలవాటు కావాలి.