దొడ్లో ఉన్న మద్ది దుంగ

నరసన్నపేటలో ఉంటున్న, జంతుశాస్త్రం చెప్పి రిటైరైన అనంతకృష్ణ అను నేను, డెబ్బై ఒకటో ఏట, క్యాన్సర్‌తో ఒళ్లు చెడినా బుద్ధి చెడకుండా, ఎవరి బలవంతమూ లేకుండా నా చేత్తో రాసుకున్న వీలునామా. శ్రావణం దాటనని డాక్టరు చెప్పాడు. పిల్లలు లేరు. భార్య జ్ఞానాంబ నాలుగేళ్ల కిందట పోయింది.

1. నా స్వార్జితమైన ఇల్లూ దొడ్డీ నా తదనంతరం తమ్ముడు ఉదయభాస్కర్ కూతురు చి. మహతికి చెందాలి. వాళ్ల నాన్నకి ఇందులో పూచికపుల్ల కూడా రాదు. కారణం కింద రాశాను.

2. నా పురుగుల పెట్టెలు నేను పనిచేసిన కాలేజీకి. ఇవి క్లిక్ బీటిల్స్, వెల్లకిలా పడితే టిక్కుమని ఎగిరి నిలదొక్కుకునే పురుగులు. ఈ చుట్టుపక్కల రెండు జిల్లాల్లో ముప్పై ఏళ్లు ఏరాను. నువ్వుగింజంతవి, చింతగింజంతవి, తుప్పురంగువి, వీపున కళ్లలాంటి మచ్చలున్నవి. అన్నీ ఒకటేనని నవ్వినవాళ్లెవరూ పెట్టె తెరిచి చూడలేదు. ఏటా కలరా ఉండలు మార్చే ఓపిక లేదని కాలేజీవాళ్లంటే అవీ మహతికే.

3. నా భూతద్దం, జ్ఞానాంబ వీణ మహతికి. చిన్నప్పుడు పురుగుని వెల్లకిలా తిప్పి, అది ఎగిరేదాకా ఊపిరి బిగబట్టి కూర్చునేది. ఆ పిల్లంటే నాకు ప్రాణం.

4. దొడ్లో షెడ్డు కింద పుచ్చిన మద్ది దుంగ ఉంది. అందులో ఇంకా పేరు పెట్టని ఒక రకం పిల్లపురుగులున్నాయి. రెక్కలు రావడానికి వాటికి ఏళ్లు పడుతుంది. ఆ రకం నాకు ఒక్క కొండ మీదే దొరికింది. కొండ క్వారీ అయి, ఇప్పుడు గొయ్యిగా మిగిలింది. అంతకుముందే రెండు దుంగలు తెచ్చుకున్నాను.

జ్ఞానాంబ పోయిన రోజు ముసురు. కట్టెలన్నీ తడిశాయి. షెడ్డు కింద పొడిగా ఉన్న ఒక దుంగని తమ్ముడు చితి కోసం బయటకు లాగించాడు. కట్టెలు కొట్టే సోములు గొడ్డలి ఆపి, "బాబూ, లోపల పురుగులు కదుల్తన్నాయి, ఏటి సెయ్యమంటారు?" అన్నాడు. నేను వద్దన్నాను. "పురుగుల కోసం వదిన్ని వానలో ఉంచమంటావా?" అని తమ్ముడు పదిమందిలో అడిగాడు. ఆ దుంగ చితికెక్కింది. వాడన్నది న్యాయమే కావచ్చు. నేను మాత్రం క్షమించలేదు.

5. మిగిలిన దుంగ తనంతట తాను మట్టి అయ్యేదాకా దాన్ని కదపరాదు, నరకరాదు. అప్పటిదాకా ఇల్లు అమ్మరాదు. దీన్ని అమలు జరిపే బాధ్యత నా స్నేహితుడు లక్ష్మీనరసింహానిది.

6. నా దహనానికి సరుగుడు కట్టెలు తెప్పించి ఉంచాను. వానకి అవి తడిస్తే ఆగండి. ఎంత ఆలస్యమైనా దుంగ ముట్టుకోవద్దు. ఆగలేమంటే నన్ను పూడ్చేయండి. మా వంశంలో ఎవరినీ పూడ్చలేదని తెలుసు. జ్ఞానాంబ అస్థికలు కళింగపట్నం దగ్గర వంశధారలో కలిపాను. పూడిస్తే నేను ఆమె దగ్గరికి చేరను. రాస్తుంటేనే ఏడుపొస్తోంది. అయినా పూడ్చండి.

నరసన్నపేట, 28 జూన్ 2024
(సంతకం) అనంతకృష్ణ

సాక్షులు: 1. జోగయ్య, పక్కింటివారు
2. కూర్మమ్మ, వంటమనిషి (వేలిముద్ర)