రేపు మళ్లీ అడిగే ప్రశ్నలు

ఆదివారం రాత్రి, కారంపూడి

పొద్దున దీపం పెట్టి, తమ్ముడి పేరా చెల్లెలి పేరా దండం పెట్టుకుని, కాఫీ గ్లాసుతో వరండాలో కూర్చున్నాను. ఫోన్ తెరిచాను. అంగన్‌వాడీ ఆన్‌లైన్ ట్రైనింగ్ యాప్ రోజూ ప్రశ్నలు అడుగుతుంది. ‘గుర్తుంది’ అని నొక్కితే ఆ ప్రశ్న మళ్లీ ఎన్నాళ్లకో గానీ రాదు. ‘మర్చిపోయాను’ అంటే మర్నాడే వస్తుంది. పసిబిడ్డకు ఆరు నెలలు నిండాక ఏం పెట్టాలి? అన్నీ నాకు వచ్చినవే. అయినా ‘మర్చిపోయాను’ అనే నొక్కుతాను. ఈ ఇంట్లో పొద్దున్నే నన్ను పలకరించేది అదొక్కటే.

మధ్యాహ్నం మాచర్ల నుంచి తమ్ముడు శీను, నకరికల్లు నుంచి చెల్లెలు పద్మ వచ్చారు. చానా నెలలైంది ఇద్దరినీ చూసి. శీను నా ఫోన్ రీఛార్జ్ చేయబోయి ఆ యాప్ చూశాడు.

“ఏందక్కా ఇది? అన్నీ మర్చిపోయానని నొక్కావు?”

“చిన్నప్పుడు నేను పగలగొట్టిన పలక గురించి ఇప్పటికీ దెప్పుతావే! నీకు మతిమరుపేందక్కా?” అని నవ్వబోయి పద్మ ఆగిపోయింది.

నిజం చెబుదామనుకున్నాను. వాళ్లను తప్పు పట్టినట్టు ఉంటుందేమోనని నోరు రాలేదు.

సాయంత్రం ఇద్దరూ కూర్చుని నిర్ణయించారు. రేపటి నుంచి రోజూ పొద్దున్నే ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. ఇవాళ ఏ వారం, ఏం వండావు అని అడుగుతారు. తడబడితే నరసరావుపేటలో డాక్టరుకు చూపిస్తారు. అన్నీ సరిగ్గా చెబుతుంటే, ఇక ఎప్పుడో ఒకసారి చేస్తే చాలన్నారు.