మామయ్య పాట రెండు చోట్ల

అమ్మా బ్లెస్సీ,

నేను ములకలపల్లి ప్రార్థన కూడికకు వెళ్తున్నాను, బస్సు వచ్చే వేళయింది. పప్పుచారు పొయ్యి మీద ఉంది, వేడి చేసుకో. కంప్యూటర్ ఆపకు, అప్‌డేట్ అవుతోంది. అది అడగ్గానే ఈసారి నేనే నొక్కాను.

మొన్న తెర ఎర్రగా మారి, వైరస్ వచ్చింది ఫోన్ చేయమంటే, కూడబలుక్కుని చదివి ఆ నంబరుకు చేశాను కదా. "ఇప్పుడే యాంటీవైరస్ కొనకుంటే అన్నీ పోతయ్" అన్నాడు ఫోనెత్తినవాడు. మీ మామయ్య చివరి ఈస్టరుకు చర్చిలో పాడిన పాట అందులోనే ఉందని నా పైప్రాణాలు పైనే పోయాయి. "ఆగు నాయనా, కోడల్నడిగి చెప్త" అంటే కసిరాడు.

నువ్వు కసరలేదు. "అది దొంగ బెదిరింపు, కొనే పని లేదత్తమ్మా, కంప్యూటర్‌తోని వచ్చిన యాంటీవైరస్ కాపలానే మనింటికి చాలు. అప్‌డేట్ ఆపకు, పాట ఇంకోకాడ గూడ దాచుకో" అని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇచ్చావు. నీ ఓపికకు నీ కడుపు చల్లగుండాలి.

మీ అత్తమ్మ

పెన్‌డ్రైవ్ నా బైబిల్ సంచిలో ఉంది, వెతకకు. కంప్యూటర్‌లో పాట, ఈ పాట రెండూ ఒకే ఇంట్లో ఉండొద్దన్నావు గదా. ఎవరు ఎవరికి దూరమైనా నాకు గుబులే. ఈ ఒక్క దూరమే మీ మామయ్యను కాపాడుతుంది.