దర్శి బస్సులో యుద్ధం

ఒరేయ్ మస్తాన్,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. మనిద్దరం ఎప్పుడూ ఎక్కే దర్శి బస్సులోనే గుంటూరు బయల్దేరాను. ఏ దేశం మీద బాంబు పడ్డా నువ్వు పేపరు పట్టుకుని బస్సంతటికీ వినపడేలా చదివేవాడివి. "ఆ పిల్లలేం చేశార్రా?" అని నామీదే అరిచేవాడివి, బాంబు వేసింది నేనైనట్టు.

ఇవాళ నా పక్కనాయన ఫోన్లో ఓ ఊరు కూలిపోతోంది. రాళ్ళ కింది నుంచి ఎవరో చంటిపిల్లని బయటికి లాగుతున్నారు. ఆయన వేరుశెనక్కాయలు నములుతూ, "యుద్ధం ఇంకో నెల సాగితే మన పత్తికి రేటొస్తుందండీ" అన్నాడు. వెనక సీట్లవాళ్ళు నవ్వారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఆ పిల్ల మీ మనవరాలైతే ఇలాగే నములుతారా?" అని అరిచాను. బస్సంతా నన్ను పిచ్చోణ్ణి చూసినట్టు చూసింది. కండక్టరొచ్చి, "ఎక్కడో జరిగేదానికి మీకెందుకండీ బీపీ?" అన్నాడు.

ఒక్కడి కన్నూ చెమర్చలేదురా.

మిర్చియార్డు దగ్గరికి రాగానే ఘాటు కిటికీల్లోంచి గుప్పున కొట్టింది. బస్సు బస్సంతా దగ్గుతూ కళ్ళు తుడుచుకుంది.

అప్పుడొచ్చాయిరా, అందరికీ కన్నీళ్ళు.