తలూపే పిల్ల

ఆగస్టు 5, సోమవారం

మళ్లీ అదే ట్రైనింగ్ కాలేజీ, అదే బెంచీ. పోయినేడు టీచింగ్ ఎగ్జామ్‌లో నన్ను ఫెయిల్ చేసిన రిమార్కు నాకు కంఠతా వచ్చు: అభ్యర్థి పిల్లలకు కాక బోర్డుకు పాఠం చెప్పింది. నిజమే. బోర్డు ఎదురు ప్రశ్నలు వెయ్యదు కదా! ఈసారీ తప్పితే మూడో ఛాన్సు లేదు. అక్క తన టైలరింగ్ షాపులో ఒక కుర్చీ ఖాళీగానే ఉందనీ, కాజాలు కుట్టడం ఇప్పట్నుంచే నేర్చుకోమనీ అంది. నవ్వుతూనే అంది. నాకు నవ్వు రాలేదు.

ఆగస్టు 7, బుధవారం

కొత్తగా డ్రామా క్లాసు పెట్టారు. టీచర్లు కాబోయేవాళ్లకు డ్రామా ఎందుకో! పద్ధతి ఇది. ఒకరు టీచరు, మిగతా అందరం పిల్లలం. మేడమ్ ఒక్కొక్కరికి ఒక కార్డు ఇస్తుంది. ఒకడిది ఇంట్లో వేరే భాష. ఒకడికి అక్షరాలు తారుమారుగా కనిపిస్తాయి. ఒకతె పొద్దున్న ఏమీ తినకుండా వచ్చింది. ఎవరు ఎవరో టీచరే కనిపెట్టాలి. ఆట ఎవరికైనా తప్పనిపిస్తే ఒక్క చప్పట కొట్టాలి. అందరూ ఎక్కడివాళ్లక్కడ ఆగిపోవాలి. కొట్టినవాళ్లు లోపలికొచ్చి ఆడి చూపించాలి.

ఓస్ ఇంతేనా అనుకున్నాను. హెడ్‌మాస్టర్ని అనుకరించి దెబ్బలు తిన్న ఘనత నాది.

ఆగస్టు 14, బుధవారం. సాయంత్రం 6

తలెత్తుకోలేకపోతున్నాను.

నా కార్డు, సరిగ్గా వినపడని పిల్ల. చెవి దగ్గర చెయ్యి పెట్టి, మెడ సాచి, ఆఁ? ఆఁ? అంటూ గది అదిరిపోయేలా అరిచాను. టీచరు వేషం కట్టినవాడు నవ్వాపుకోలేక, ఇదేంట్రా బాబూ, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది అన్నాడు. అందరూ పొట్టలు పట్టుకున్నారు. నేను ఇంకాస్త రెచ్చిపోయాను.

ఒక్క చప్పట.

కొట్టింది మూలసీటు. మొదటి రోజు నుంచీ ముందు వరసలో కుడి చివరి కుర్చీయే అతనిది. అక్కడ ఎవరైనా కూర్చుంటే, లేచేదాకా పక్కనే నిలబడతాడు. అందుకే ఆ పేరు. పెట్టింది నేనే.

నా కార్డు తీసుకుని కూర్చున్నాడు. టీచరు ఏది అడిగినా చిరునవ్వుతో తలూపాడు. అర్థమైందా? ఊపాడు. పుస్తకం తెచ్చావా? ఊపాడు. నీ పేరేమిటి? దానికీ ఊపాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

అతని కుడి చెవి పుట్టినప్పటి నుంచీ పనిచెయ్యదట. ఆఁ అని అడిగితే నవ్వుతారండీ, తలూపితే మంచి పిల్లాడంటారు, అందుకే పదేళ్లు తలూపుతూనే చదువుకున్నా అన్నాడు. కోపంగా అనలేదు. నన్ను తిట్టినా బాగుండేది.

ఆగస్టు 16, శుక్రవారం

సారీ చెప్పాను. ఎడమ పక్కకు వెళ్లి నిలబడి మరీ చెప్పాను. పేరు మాత్రం మార్చొద్దన్నాడు, అలవాటైపోయిందట.

ఆగస్టు 26, సోమవారం

ప్రాక్టీసుకు స్కూలు ఇచ్చారు. మూడో తరగతి, ముప్పై నాలుగు మంది, అందరూ పిడుగులే. ఎగ్జామ్ సెప్టెంబరు 4న, ఈ క్లాసులోనే. క్లాసు టీచరమ్మ అందరి చిట్టా విప్పింది. కిటికీ పక్కన రెండు జడల పిల్లను చూపించి, దీంతో నీకే గొడవా లేదమ్మా, ఏం చెప్పినా గంగిరెద్దులా తలూపుతుంది, బంగారు తల్లి, చదువే అంతంతమాత్రం అంది.

నాకు మూలసీటు గుర్తొచ్చాడు.

ఆగస్టు 28, బుధవారం

నోటికి పుస్తకం అడ్డం పెట్టుకుని, మీ ఇంట్లో ఎంతమంది ఉంటారని ఆ పిల్లను అడిగాను. నవ్వుతూ తలూపింది.

సాయంత్రం తీసుకెళ్లడానికొచ్చిన వాళ్లమ్మతో మాట్లాడాను. ఇంట్లో టీవీకి ముక్కు ఆనించి చూస్తుందట, కళ్లు బాగాలేవేమో అనుకున్నారట. చెవుల డాక్టరుకు చూపిస్తానంది. దొరికిన డేటు సెప్టెంబరు 6. నా ఎగ్జామ్ తర్వాత.

సెప్టెంబరు 2, సోమవారం

క్లాసుకు చప్పట ఆట నేర్పాను. అర్థం కాకపోయినా, వినపడకపోయినా ఒక్కటి కొట్టండి, నేను బొమ్మలా ఆగిపోతాను, ఆపినవాళ్లకు మళ్లీ చెబుతాను అని. ఎదురుగా కూర్చుని ఆ పిల్లకు విడిగా ఆడి చూపించాను. టీచర్ని బొమ్మను చెయ్యడం అందరికీ తెగ నచ్చింది. చాక్‌పీసు ఎత్తిన చేత్తో ఎన్నిసార్లు నిలబడ్డానో! రెండు జడల పిల్ల మాత్రం కొట్టలేదు. తలూపింది.

డ్రామా మేడమ్‌కు చెప్పాను. ఎగ్జామ్‌లో ఇది పెట్టుకుంటే పాఠం పూర్తవదు, కొరివితో తల గోక్కోవడమే, ఆలోచించుకో అంది.

సెప్టెంబరు 3, మంగళవారం

ఆలోచించాను. మానను. కాజాల సూది తీసి ఉంచమని అక్కకు చెప్పాను.

సెప్టెంబరు 4, బుధవారం. మధ్యాహ్నం 2

ఎగ్జామ్ అయిపోయింది.

పాఠం భిన్నాలు: ముందు సగం, తర్వాత పావు. వెనక బెంచీలో ఎగ్జామినర్, చేతిలో నా లెసన్ ప్లాన్. భయంతో ఐదు నిమిషాలకే పాత బుద్ధి బయటపడింది. బోర్డు వైపు తిరిగి గడగడా చెప్పేస్తున్నాను. నాకే తెలియలేదు.

వీపు వెనక ఒక్క చప్పట.

ఆగిపోయాను. చెయ్యి గాల్లోనే ఉంది. మెల్లగా తిరిగి చూస్తే రెండు జడల పిల్ల. మొహంలో నెత్తురు చుక్క లేదు. అరచేతులు ఇంకా అతుక్కునే ఉన్నాయి. మీ మొహం కనపడట్లేదు టీచర్, ఏం చెప్పారో తెలీట్లేదు అంది.

పోయినేడు ఎగ్జామినర్ రాసిన మాటే. ఈసారి ముందే చెప్పేవాళ్లు దొరికారు.

దాని కళ్లలోకి చూస్తూ మళ్లీ చెప్పాను. ఇంకో రెండుసార్లు ఆపింది. పావు దగ్గరికి రాకముందే బెల్లు కొట్టేశారు. స్టాఫ్ బాత్రూంలోకి వెళ్లి ఏడ్చాను. ఫెయిలవుతానని కాదు. సంతోషం పట్టలేక.

సెప్టెంబరు 10, మంగళవారం

పాస్! యాభైకి పాసు, నాకు యాభై రెండు. రిమార్కు: పాఠం పూర్తి కాలేదు. బోర్డు ఊసే లేదు. ఇక ఆ కుర్చీకి వేరే మనిషిని వెతుక్కోవాలని అక్క విసుక్కుంటూ నన్ను గట్టిగా వాటేసుకుంది. పిల్లకు చెవి మెషీన్ నెలలోపు వస్తుందట. ప్రాక్టీసు నెలాఖరు దాకా ఉంది. పావు చెప్పాలి.

సెప్టెంబరు 11, బుధవారం

పావు చెప్పి, అర్థమైందా అని అడిగాను. ముప్పై మూడు తలలు నిలువుగా ఊగాయి. ఒకటి అడ్డంగా.