ఖాకీ కట్టు

అమ్మలూ,

మీ అమ్మ ఆశీస్సులు. ఇక్కడ మీ నాన్న క్షేమం, నేను క్షేమం, నా ముక్కు మాత్రం క్షేమంగా లేదు. నువ్వూ అల్లుడూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

"ఫోన్ ఎత్తవు, ఎత్తినా పొడిపొడిగా మాట్లాడతావు, కనీసం రాసైనా చెప్పు" అని నన్ను దెప్పావు కాబట్టి రాస్తున్నాను. ఇది ఫోన్లో చెప్పే సంగతి కాదు. మధ్యలో "ఛీ అమ్మా, భోంచేస్తున్నా" అంటావు. ఉత్తరమైతే తిన్నాక చదువుకోవచ్చు. తిన్నావా? అయితే చదువు.

నా చేతుల మీద దద్దుర్లు తగ్గాయా అని అడిగావు. తగ్గాయి. బల్ల దగ్గర నుంచి నన్ను మిషన్ల దగ్గరికి మార్చాక చాలా నయం. బల్ల అంటే నీకు తెలుసు, అల్లుడికి తెలియదు, అతనికి కూడా చదివి వినిపించు. ఆసుపత్రి వార్డుల నుంచి వచ్చిన మూటలన్నీ మా లాండ్రీలో మొదట ఆ బల్ల మీదే విప్పుతారు. రక్తం ఒక డ్రమ్ములోకి, వాంతులు ఒక డ్రమ్ములోకి, ఇంకా ఘోరమైనవి ఇంకో డ్రమ్ములోకి. అవి విడదీసేది మీ పిన్ని. నువ్వు ఊహ తెలిసినప్పటి నుంచి పిన్ని అంటున్నావు గానీ, దానికీ నాకూ ఉన్న చుట్టరికం ఆ బల్లే. ఇద్దరం ఒకే ఏడు చేరాం. మొదటి రోజు ఇద్దరం ఒకే బకెట్లో కక్కుకున్నాం. అక్కచెల్లెళ్లకి కూడా అంత దగ్గరితనం ఉండదు.

లాండ్రీవాళ్లకి ముక్కులు చచ్చిపోతాయని జనం అనుకుంటారు. అబద్ధం. ముక్కు చావదు. నోరు మూసుకోవడం నేర్చుకుంటాం, అంతే.

ఇక నీ రెండో ప్రశ్న. "పిన్నీ నువ్వూ పోట్లాడుకున్నారా? అడిగితే మీ అమ్మనే అడుగు అంటోంది" అని రాశావు. పోట్లాడుకుంటే బాగుండేది. పోట్లాటలో మాటలైనా ఉంటాయి. అది నాతో మాట్లాడడం మానేసింది. మధ్యాహ్నం డబ్బా పట్టుకుని నా బెంచీ దాటి వెళ్లి, నిన్నగాక మొన్న చేరిన పిల్లల పక్కన కూర్చునేది. ఒకసారి మాత్రం ఆగి అంది: "మా అమ్మకి నీ చేతులే కావాలి. నావి పనికిరావు. ఏం మందు పెట్టావే మా అమ్మకి?"

దీనంతటికీ కారణం ఆ అమ్మే, మీ కండక్టరమ్మమ్మ. నీ చిన్నప్పుడు నువ్వు పెట్టిన పేరే ఇంకా నడుస్తోంది. బస్సు దిగి ఇన్నేళ్లయినా ఆవిడ లోపలి కండక్టరు దిగలేదు. ఇంటికి ఎవరు వెళ్లినా "గుమ్మంలో నిలబడకండి, లోపలికి జరగండి" అంటుంది. కూతుర్ని మొదటిదానా అని, నన్ను రెండోదానా అని పిలుస్తుంది. నా పురిటికి వచ్చి నిన్ను మొదట ఎత్తుకున్నదీ ఆవిడే, "టిక్కెట్టు లేకుండా వచ్చేసిందే" అన్నదీ ఆవిడే. మంచి మనిషి కాదని అనను. కానీ అమ్మలూ, రోత మనిషి. పళ్లసెట్టు తీసి నా టీ గ్లాసు పక్కన పెడుతుంది. మాట్లాడుతూ మాట్లాడుతూ చెవిలో పుల్ల తిప్పి, ఆ పుల్లను తీరిగ్గా చూసుకుని, మళ్లీ అదే చెవిలో పెడుతుంది. వద్దంటే వింటుందా? "నా చెవి, నా పుల్ల, నీకేం?" అంటుంది.

ఆ మహాతల్లి ఉన్నట్టుండి, కూతురు తనకి స్నానం చేయించడానికి వీల్లేదంది. "ఆదివారం నీకు డ్యూటీ, రెండోదానికి సెలవు. దాన్ని పంపు" అంది. ఒక్కతే కూతురు, పెళ్లి కూడా చేసుకోకుండా తల్లినే అంటిపెట్టుకుని ఉన్న మనిషి, ఆ మాటకి దాని మొహం ఎలా అయిందో నేను చూశాను. పోనీలే, పెద్దవాళ్ల చాదస్తం అని నేను వెళ్లాను. ఆదివారం పొద్దున ఫోన్ ఎందుకు ఎత్తనని అడిగావు కదా, ఇందుకు.

మొదటి ఆదివారం గదిలో అడుగుపెట్టగానే ఫినాయిల్ ఘాటు. దాని మీద ఏదో చవకరకం సెంటు. ఆ రెంటి కిందా, చెప్పక తప్పదు, ఇంకో వాసన. బల్ల దగ్గర ఇన్నేళ్లు నిలబడ్డదాన్ని, అదేమిటో చెప్పడానికి నాకు డాక్టరు అక్కర్లేదు. ఆవిడ మంచం మీద కూర్చుని, ఎడమ కాలి మేజోడు వైపు చూపించి "విప్పు" అంది. విప్పాను. లోపల ఖాకీ గుడ్డ చుట్టి ఉంది. తన పాత యూనిఫాం చొక్కా చింపి కట్టుకుంది. కట్టు తడిసి, ఎండి, చర్మానికి అంటుకుపోయింది. నీళ్లు పోసి నానబెట్టి తీశాను. మడమ నుంచి చిటికెన వేలి దాకా పుండు. రెండు వేళ్లు నల్లబడిపోయాయి. షుగరు మనిషి, చెప్పుల్లేకుండా తిరిగి ఎక్కడో గీరుకుంది, దాచింది, ముదరబెట్టుకుంది.

నేను స్నానాల గదిలోకి పరుగెత్తి కక్కేశాను. బల్ల దగ్గర కక్కి ఎన్నేళ్లయిందో! మంచం వైపు నుంచి నవ్వు వినిపించింది.

"కక్కావా? కక్కు, కక్కు. అందుకే నిన్ను పిలిచింది."

"మీ అమ్మాయికి చెప్పకుండా ఇదేం పని అమ్మా? ఆసుపత్రికి పదండి."

"ఆసుపత్రికి వెళ్తే కాలు తీసేస్తారు. కదిలే బస్సులో కమ్మీ పట్టుకోకుండా నిలబడ్డ కాలే ఇది."

"పోనీ మీ అమ్మాయినైనా చూడనివ్వండి."

"అది చూడకూడదు. నువ్వు పరాయిదానివి, నీకు అసహ్యం వేస్తే నాకేం పోయింది? అది నన్ను చూసి మొహం చిట్లించిందనుకో, నేను తట్టుకోలేనే."

చూశావా? ఇన్నేళ్లు రెండోదానా అని పిలిచిన నోటితోనే పరాయిదానివి అనేసింది. ఆ పుండు కంటే ఆ మాటే నాకు ఎక్కువ వెగటు పుట్టించింది. అంతటితో ఆగలేదు. "నీ నోటి నుంచి ఈ సంగతి దానికి చేరిందో, నా శవాన్ని చూసినట్టే" అని ఒట్టు వేయించుకుంది. వేశాను. వేయకపోతే నన్ను కూడా ఆ కాలు ముట్టుకోనివ్వదు. అప్పుడు కాలు గతేమిటి?

అప్పటి నుంచి ప్రతి ఆదివారం స్నానం, కడగడం, మందుల షాపువాడిని అడిగి తెచ్చిన మందు రాయడం, కొత్త ఖాకీ ముక్క కట్టడం. తెల్లటి బ్యాండేజీ తెస్తే విసిరికొట్టింది. తీసిన కట్లు ఇంటికి తెచ్చి ఉతికితే, మీ నాన్న "ఎక్కడో ఎలుక చచ్చింది" అని బీరువాలన్నీ జరిపి వెతికారు. ఇక లాభం లేదని సంచిలో పెట్టుకుని లాండ్రీకి తీసుకెళ్లి, నా మిషన్లో ఘోరమైనవాటితో కలిపి వేసేదాన్ని. పుండు మాత్రం వారం వారం పాకుతోంది. నాకు ముద్ద దిగేది కాదు. చేతులు ఎంత కడిగినా గోళ్ల సందుల్లో ఆ వాసనే. ఆవిడ మీద అసహ్యం. ఒకే ఇంట్లో ఉంటూ ఏమీ ఎరగనట్టు నా మీద అలిగిన మీ పిన్ని మీద అంతకంటే అసహ్యం. ఊరి మురికంతా వాసన చూసి పట్టే మనిషికి తల్లి గదిలో ఏముందో తెలియదా?

పోయిన నెలలో ఒకరోజు ఒక కట్టు ఎలాగో బల్ల మీదికి చేరింది. కొత్త పిల్ల ఒకతి దాన్ని పటకారుతో పైకెత్తి, "ఇదేంటక్కా, వార్డు గుడ్డ కాదే! ఛీ, ఎంత కంపో!" అంది. నలుగురూ నవ్వారు. మీ పిన్ని అటు తిరిగి చూసింది. ఖాకీ గుడ్డ. దాని మీద జేబు మూత. జేబు మూతకి ఆకుపచ్చ దారంతో వంకరటింకర కుట్టు. అది తన చిన్నప్పుడు అమ్మ చొక్కాకి తానే వేసిన కుట్టు, ఖాకీ దారం దొరక్క. ఆ కథ మా అందరికీ ఎన్నిసార్లు చెప్పిందో.

అది తొడుగులు తీసేసింది. ఆ బల్ల దగ్గర ఎవరూ వట్టి చేతులతో ఏదీ ముట్టుకోరు అమ్మలూ. అది ముట్టుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. ఆవిరి గొట్టాల అవతల నిలబడ్డ నన్ను చూసింది. ఏప్రనైనా విప్పకుండా బయటికి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రమే తల్లిని ఆసుపత్రిలో చేర్చింది. ఆవిడ అరిచిందట, తిట్టిందట, మంచం కోడు పట్టుకుని వదల్లేదట. రెండు వేళ్లు తీసేశారు, కాలు దక్కింది. ఇంకొన్నాళ్లు ఆగితే మోకాలి దాకా పోయేదన్నారు. నేను చూడ్డానికి వెళ్తే కండక్టరమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది. "రెండు టిక్కెట్లు చింపారు, చాలా? ఒట్టు తప్పినదానివి" అంది.

"నోరు తెరవలేదు అమ్మా" అన్నాను.

"తెలుసు. చేత్తో చెప్పావు. దొంగముండా."

పైన 'ఎలాగో బల్ల మీదికి చేరింది' అని రాశాను. కొట్టేసి మళ్లీ రాద్దామనుకుని, ఉంచేశాను. ఎలాగో కాదు. లాండ్రీలో బట్ట బల్ల నుంచి మిషన్‌కి వస్తుంది గానీ, మిషన్ నుంచి బల్లకి నడిచి వెళ్లదు. నేనే ఉతక్కుండా తీసుకెళ్లి, జేబు మూత పైకి కనిపించేలా, మూటలో దూర్చాను. ఒట్టు నోటి మీద వేశాను, చేతి మీద కాదు అని నాకు నేనే వకీలునయ్యాను. మీ నాన్నకి కూడా ఈ సంగతి చెప్పలేదు.

ఆవిడ కాలు కోసం చేశానని అందరితో అనగలను. అది సగం నిజం. మిగతా సగం నీకే చెప్తున్నాను. నా వల్ల కాలేదు. ఆ కంపు ఇక నేను మోయలేను, ఎవరి తల్లి కంపు వాళ్లే మోసుకోనీ అనిపించింది. సంచిలోంచి తీస్తున్నప్పుడు నా మనసులో ఉన్నది దయ కాదు, కసి. ఏ గదిలోకో పిలిచి మెల్లగా చూపించొచ్చు. నలుగురూ నవ్వేచోట పెట్టాను. తలుచుకుంటే నా మీద నాకే ఉమ్మెయ్యాలనిపిస్తుంది.

మీ పిన్ని నన్ను ఏమీ అడగలేదు. ఆసుపత్రి వరండాలో నా పక్కన కూర్చుని అంది: "వాసన నాకూ వచ్చిందే. ఎప్పటి నుంచో వచ్చింది. అమ్మ చెప్పలేదు, నేను అడగలేదు. అడిగితే చూడాలి కదా." ఆ మాటకి దాని చెంప పగలగొట్టాలనిపించింది. దాని పక్కకి జరిగి దాని డబ్బాలో చెయ్యి పెట్టి తిన్నాను. పొద్దుటి నుంచి నేనేమీ తినలేదు.

ఇప్పుడు ఆవిడ ఇంటికి వచ్చేసింది. ఆదివారాలు మీ పిన్ని డ్యూటీ మార్చుకుంది. తనే స్నానం చేయిస్తుంది. నేను తువ్వాలు పట్టుకుని తలుపు బయట నిలబడతాను. మొన్న లోపలి నుంచి వినిపించింది:

"వాసన వస్తోందా?"

"వస్తోంది."

"మరి ముక్కు మూసుకోవే."

"రెండు చేతులూ నీ ఒంటి మీదే ఉన్నాయి. దేంతో మూసుకోను?"

చెంబెడు నీళ్లు పోసిన చప్పుడు. తర్వాత కండక్టరమ్మ గొంతు, "సరే, కొంచెం ముందుకి జరుగు. వీపు అందడం లేదు నీకు." నేను తువ్వాల్లో మొహం దాచుకున్నాను. ఏడుపో నవ్వో నాకే తెలియలేదు.

నీ ఉత్తరంలో చివరి మాటకి జవాబు. "పిన్ని వాళ్లమ్మకి స్నానాలు చేయిస్తున్నావట, అలాంటి పనులు నువ్వెందుకు చేస్తావమ్మా, మనిషిని పెట్టుకోవచ్చుగా? రేపు నీకు అవసరమైతే నేను మంచి మనిషిని పెడతాను, దిగులు పడకు" అని రాశావు. మంచి మాటే రాశావు. నాకెందుకో ఆ ఖాకీ కట్టే గుర్తొచ్చింది. ఆ రోజు వస్తే మనిషిని పెట్టు, వద్దనను. కానీ ఒక్క ఆదివారం నువ్వు రా. మొహం చిట్లించు, కక్కుకో, "ఛీ అమ్మా, కంపు" అని నా మొహం మీదే అను. నేను దాచను, నువ్వు దాక్కోకు.

అల్లుడికి ఆశీస్సులు చెప్పు.

ఇట్లు,
మూడుసార్లు చేతులు కడుక్కుని ఈ ఉత్తరం రాసిన
మీ అమ్మ